అద్దాలపాడులో ఆడవాళ్ళ చలి

మే 3

మా ఇంటి వంతు నీళ్ళు నాలుగు బిందెలు. ఇంటికి చేరినవి మూడున్నర. మిగిలిన అర బిందె సువర్చల ఇంట్లోకి దిగే మెట్ల మీద ఒలకబోసింది. ఇత్తడి బిందె మూతి సొట్టపోయింది.

నా మనవరాలు బిందె జారవిడిచే పిల్ల కాదు. ఇరవైరెండేళ్ళది. ఎండను పట్టే అరవై అడుగుల అద్దాల గోపురం మీద ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో మనిషంత అద్దాన్ని మరక లేకుండా తుడిచి దిగుతుంది. అందుకే గట్టిగా కేకలేశాను.

"మెట్లు కనపడలేదా?"

"మెట్లు కనపడినయ్యి అమ్మమ్మా. చేతేళ్ళే తెలవట్లా," అంది చేతులు రుద్దుకుంటూ.

చెయ్యి పట్టి చూశాను. మంచుగడ్డలా ఉంది. తలుపు పక్కనున్న థర్మామీటరు ఉదయం ఆరున్నరకే నలభై ఒకటి చూపిస్తోంది. శాలువా కప్పుకోమన్నాను.

ఇక్కడ ఆడవాళ్ళకు చలి కొత్త కాదు. మధ్యాహ్నం ఎండ యాభై దాటుతుంది. మగవాళ్ళు బనీన్లు పిండుకుంటూ ఉంటారు, ఆడవాళ్ళు శాలువాలు కప్పుకుని ఉప్పుమడుల గట్ల మీద నడుస్తుంటారు. ఉప్పు కోసం వచ్చే లారీ డ్రైవర్లు చూసి నవ్వుతారు. మేమూ నవ్వుకుంటాం. పెళ్ళి కుదిరితే పిల్ల భుజాన శాలువా కప్పడం మా ఊరి ఆచారం. ఈ ఊరు పుట్టి ముప్పై ఒక్క ఏళ్ళే అయినా ఆచారాలు మాత్రం త్వరగానే పుట్టాయి.

చలువ మాత్రలు ఐదింటికి పంచాను. మా ఆరో వరస ఇళ్ళలో ఎండలో పనికి వెళ్ళేవాళ్ళు ఇరవై నలుగురు. మగవాళ్ళు పదముగ్గురు, ఆడవాళ్ళు పదకొండుగురు. తలా ఒకటి, డాక్టరు పెంచమన్న ఒక్కరికి ఒకటిన్నర. మింగాక ఒక్కొక్కరి చేత నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూశాను. ఇది వరస పెద్దమ్మ పని. మొదటి రోజుల్లో మాత్ర ఎగ్గొట్టి ఎండలోకి పోయిన కుర్రాళ్ళను మంచాల మీద మోసుకొచ్చారట, అప్పటి నుంచి ఈ కట్టుబాటు.

మాత్ర ఒంట్లో కలవడానికి గంట పడుతుంది. ఆరింటికి అంకయ్య వరస తరఫున ఊరి గేటు దగ్గరికి వెళ్ళి, నాడి చూసే మిషనులో చెయ్యి పెట్టి, పచ్చచీటీ తెచ్చాడు. చీటీ పచ్చగా ఉంటే వరస మొత్తం ఎండలోకి వెళ్ళొచ్చు. ఎర్రగా వస్తే ఆ రోజు ఎవరూ వెళ్ళకూడదు. మా వరసకు ఎర్రచీటీ వచ్చిన గుర్తు నాకు లేదు.

మే 6

భోజనాల వేళ గోపురాల మేస్త్రీ పెంచలయ్య వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. మంచి మాటైతే లోపలికి వచ్చి మజ్జిగ అడిగేవాడు.

"పెద్దమ్మా, ఓ మాటుంది. కోప్పడబాక."

"ముందు చెప్పు. కోపం సంగతి తర్వాత చూద్దాం."

"మీ సువర్చల ఇయ్యాల నాలుగో అంతస్తులో కళ్ళు తిరిగి యాలాడింది. నడుంకి తాడుండబట్టి సరిపోయింది. పోయిన నెల్లో బ్రష్షు జారిడిసింది. కింద మనిషుంటే ఏం గావాల?"

సువర్చల లోపలి నుంచే అంది. "నువ్వుంటావనుకున్నా మామా. గురి తప్పింది."

"చూశావా? కళ్ళు తిరిగినా నోరు మాత్రం బాగానే పనిజేస్తంది." పెంచలయ్య నవ్వలేదు. "నేను నవ్వులాటకి రాలా పెద్దమ్మా. ఈ యేడు గోపురాల మీద కళ్ళు తిరిగినోళ్ళు ఆరుగురు. ఆరుగురూ ఆడోళ్ళే. శనివారాలంటారు, ఒక్కపొద్దులంటారు, తిండి సరిగ్గా తినరు."

"ఇది మూడు పూటలా తింటుంది. నేను దగ్గరుండి పెడతాను."

"అయితే భయమై ఉంటది."

"భయమా? నాకా?" సువర్చల కంచం ముందు నుంచి లేచి వచ్చింది. దాని పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "నీ రెండో గోపురం తుప్పు నిచ్చెన ఎవురు ఎక్కుతారు నేను గాక?"

"నువ్వే ఎక్కుతావు. అందుకే చెప్తన్నా. పదమూడో తారీకు లోపల డాక్టరు కాగితం తీసకరా. లేకపోతే నీ బిల్ల తీసుకోవాల. పైనోళ్ళు అడిగేది నన్ను."

బిల్ల అంటే గోపురం ఎక్కే అనుమతి. అరచేతిలో పట్టే ఇత్తడి ముక్క, నడుం పట్టీకి తగిలించుకుంటారు. సువర్చల పదహారో ఏట పరీక్ష ఇచ్చి తెచ్చుకుంది. దాని తల్లీ తండ్రీ ఉప్పు ఓడల మీద పనిచేస్తారు, ఏడాదికి రెండుసార్లు వస్తారు. వచ్చినప్పుడు అది ముందు చూపించేది ఆ బిల్లనే. రోజూ బూడిదతో తోముతుంది. గిన్నెలు తోమమంటే మాత్రం మూలుగుతుంది.

పెంచలయ్య వెళ్ళాక అన్నం వదిలేసి కూర్చుంది. తినమని కసిరాను. తింది.

మే 7

ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టర్ కమలాకర్ ఇక్కడికి వచ్చి రెండేళ్ళయింది. మంచివాడు, మర్యాదగా మాట్లాడతాడు. కానీ కళ్ళు ఎప్పుడూ కంప్యూటరు తెర మీదే ఉంటాయి.

"ఎండలో ఉన్నప్పుడే కళ్ళు తిరిగాయా?"

"గోపురం మీద నీడ ఎక్కడుంటుంది డాక్టరుగారూ," అంది సువర్చల.

"అయితే ఎండ దెబ్బే."

"చేతులు మంచులా ఉంటున్నాయి," అన్నాను.

"ఎండ దెబ్బలో అలా కూడా ఉంటుందండీ." టైపు చేస్తూనే చెప్పాడు. "ఈ పిల్ల ఒంటికి ఒక మాత్ర చాలడం లేదు. పదో తారీకు నుంచి రోజూ ఒకటిన్నర ఇవ్వండి. రక్తానికి టానిక్కు కూడా రాస్తున్నాను. ఒకటిన్నర సరిగ్గా వేసుకుంటోందని మీరు చెబితే పదమూడున కాగితం మీద సంతకం పెడతాను."

ఈ ఊళ్ళో ఎవరు పడిపోయినా ఎండ దెబ్బే. ఎండ దెబ్బకు మందు చలువ మాత్రే. ఇంత ఎండలో మరో కారణం వెతకాలని ఎవరికీ తోచదు. నాకూ తోచలేదు.

"అంకయ్యగారి భార్య దీనమ్మకు కూడా ఇలాగే ఉంటే పెంచాను," అన్నాడు.

"తగ్గిందని చెప్పిందా?"

"మళ్ళీ రాలేదు గదండీ. తగ్గినట్టే."

ఆస్పత్రిలోనే మాత్రలు సగానికి కోసి పొట్లం కట్టి ఇచ్చారు. దారిలో సువర్చల హుషారుగా ఉంది. కాగితం వచ్చేసినట్టే మాట్లాడింది.

మే 8

కొళాయి దగ్గర దీనమ్మ రెండు శాలువాలు కప్పుకుని నిలబడింది. ఆరింటి నుంచి నలభై నిమిషాలే నీళ్ళు వస్తాయి కాబట్టి ఆ వేళకు వరసలోని ఆడవాళ్ళందరూ అక్కడే ఉంటారు.

"రెండోది ఎవరిదే?" అని అడిగాను.

"మా ఆయనది పెద్దమ్మా. ఆయనకి అక్కర్లా, పొయ్యి మాదిరి ఉంటాడు. ఈ చలికి ఒక్క మొగుడు చాల్లా. ఇంకొకణ్ణి చూసిపెట్టు, పుణ్యముంటది."

అందరూ నవ్వారు. సువర్చల బిందె పట్టుకుని వంగిపోయి నవ్వింది. దీనమ్మ నవ్వుతూనే కొళాయి గట్టును పట్టుకుంది. గోళ్ళు నీలంగా ఉన్నాయి. కాసేపు కూర్చోమన్నాను.

"కూర్చుంటే నిద్దరొస్తది పెద్దమ్మా. లేస్తానో లేవనో," అని బిందె ఎత్తుకుంది.

మే 9

దీనమ్మ చనిపోయింది.

ఉప్పుమడి గట్టు మీద కూర్చుని ఉందట. పక్కన ఉప్పు పోగు చేస్తున్నవాళ్ళు నిద్రపోతోందనుకుని కాసేపు వదిలేశారు. పనికి లేపుదామని వెళితే ఒరిగిపోయింది. "ఎత్తినప్పుడే సల్లగా ఉంది పెద్దమ్మా, యాభై డిగ్రీల ఎండలో, కొళాయి గొట్టం పట్టుకున్నట్టుంది," అన్నారు మోసుకొచ్చినవాళ్ళు.

కాగితంలో ఎండ దెబ్బ అని రాశారు.

స్నానం నేనే చేయించాను, ఇద్దరి సాయంతో. తరవాత చూస్తే అంకయ్య బయట అరుగు మీద చొక్కా జేబులోంచి పచ్చచీటీ తీసి, చదివి, మళ్ళీ మడిచి పెట్టుకుంటున్నాడు. కాసేపటికి మళ్ళీ తీశాడు.

"బాగుందని ఇచ్చింది పెద్దమ్మా. పొద్దున. వరసంతా బాగుందని ఇచ్చింది," అన్నాడు.

లోపలికి రమ్మన్నాను.

మే 10

ఇవాళ్టి నుంచి సువర్చలకు ఒకటిన్నర మొదలుపెట్టాలి. ఒకటే ఇచ్చాను. అర ముక్క నా పొట్లంలోనే ఉంచాను.

దీనమ్మ మీద కప్పడానికి శాలువా ఇద్దామని నిన్న నా పెట్టె తెరిచాను. అడుగున నాది దొరికింది. మడత కూడా విప్పకుండా ఉంది. అది పెట్టెలో పెట్టింది ఆరేళ్ళ కిందట, తూకం యార్డులో పని మానేసిన ఏడు. అంతకు ముందు పదిహేనేళ్ళు అది లేకుండా గడప దాటలేదు నేను. పని మానేస్తే మాత్ర అక్కర్లేదు. మాత్ర మానేశాను, చలి కూడా పోయింది. యాభై ఏళ్ళప్పుడు వణికిన మనిషికి డెబ్బై ఒకటో ఏట చలి తగ్గడం ఏమిటి? వయసు మీదపడితే చలి పెరగాలి. ఆరేళ్ళుగా ఈ మాట నాకు తట్టలేదు.

సువర్చల చెయ్యి చాచి నిలబడింది.

"అర ముక్క ఇటియ్యి అమ్మమ్మా."

"ఇవ్వను."

"ఎయ్యకపోతే కాగితం రాదు. కాగితం రాకపోతే బిల్ల పోద్ది."

"పోనీ."

"పోనీ అంటానికి నీదేం బోయింది? ఆరేళ్ళ నించి నీడలో కూర్చున్నావు. నన్ను గూడా నీ పక్కన కూర్చోబెట్టి బిందెలు లెక్కబెట్టమంటావా?"

"నీకు లెక్క అప్పగించను. నిన్న నూనె ఖర్చు రెండుసార్లు రాశావు."

"మాట దాటెయ్యబాక."

"దీనమ్మ ఒకటిన్నర మింగింది," అన్నాను. "పదిహేను రోజులు, నేనే ఇచ్చాను. నాలుక ఎత్తించి చూశాను."

అది మూలన కూర్చుని బిల్లను తోమడం మొదలుపెట్టింది. బిల్ల అప్పటికే తళతళలాడుతోంది.

అర ముక్క మింగకుండా గోపురం ఎక్కనివ్వడం కుదరదు కాబట్టి ఇవాళ పనికి పంపలేదు. రోజంతా నాతో మాట్లాడలేదు.

మే 11

ఆస్పత్రికి ఒక్కదాన్నే వెళ్ళాను. డాక్టరు కుర్చీ చూపించాడు. కూర్చోలేదు. కూర్చుంటే మోకాళ్ళు లేవనివ్వవు.

"ఈ ఊళ్ళో ఆడవాళ్ళ నాడి నిమిషానికి ఎంత ఉంటుంది?" అని అడిగాను.

"డెబ్బై రెండు, డెబ్బై ఐదు. ముప్పై ఏళ్ళ సగటు ఉందండీ మా దగ్గర."

"ఎవరి చేతులు చూసి కట్టారు ఆ సగటు?"

"గేటు మిషనువే. రోజూ ప్రతి వరస నుంచి ఒకరు చెయ్యి పెడతారు గదా."

"ఆ ఒక్కరు ఎప్పుడైనా ఆడమనిషా?"

డాక్టరు తెర వైపు తిరిగి వెతికాడు. చాలాసేపు వెతికాడు. పన్నెండు వరసలు, ఇన్నేళ్ళు.

"ఆడవాళ్ళు రాకూడదని రూలేం లేదండీ," అన్నాడు చివరికి.

"లేదు. ఆరింటికి నీళ్ళొస్తాయి. మిషను ఆరింటికే తెరుస్తారు."

అతను నా ముఖంలోకి చూశాడు. మొదటిసారి అనుకుంటాను.

"తలా ఒక మాత్ర చాలని ఎవరి మీద చూసి నిర్ణయించారు?"

"తొలి దళం మీద. గోపురాలు కట్టడానికి వచ్చిన నలభైమంది. ఆడవాళ్ళు వచ్చింది నాలుగో ఏట గదండీ..." అని సగంలో ఆపేశాడు.

ఇక్కడికి రాకముందు నేను తూనికలు కొలతల శాఖలో ఇరవయ్యారేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. కొట్టువాడు రాళ్ళ పెట్టె ముందు పెడతాడు. అందులో కిలో రాయి ఒక్కటి తూచి, సరిగ్గా ఉందని పెట్టె మొత్తానికి ముద్ర వేస్తే నా ఉద్యోగం ఊడేది. ఈ సంగతే డాక్టరుకు చెప్పాను. మీరు ముప్పై ఏళ్ళుగా ఒకే రాయి తూస్తున్నారన్నాను.

"మీరు చెప్పేది కొట్టిపారెయ్యడం లేదు," అన్నాడు. "కానీ ఇది అనుమానం. అనుమానం మీద మోతాదు మార్చలేను. తక్కువ ఇచ్చి నిజంగా ఎండ దెబ్బ తగిలిందనుకోండి, ఆ పిల్ల గోపురం మీదే పోతుంది. మిషను లెక్క ఏదైనా చేతిలో ఉండాలి నాకు."

అతని భయం తప్పు కాదు.

"ఎల్లుండి ఆరింటికి గేటు దగ్గరికి రండి," అన్నాను. "మిషనునే అడుగుదాం."

మే 12

మగవాళ్ళను అరుగు మీదికి పిలిచి, రేపు కొళాయి దగ్గర నీళ్ళు మీరు పట్టాలని చెప్పాను. పదమూడు మందీ నన్ను అదోలా చూశారు.

"బిందెలెట్టా పెట్టాల పెద్దమ్మా, వరసలోనా?" అని ఒకడు.

"తలకిందులుగా పెట్టు. ఎన్ని పట్టినా నిండవు."

"మరి ఆడోళ్ళేం జేస్తారంట?"

"చెయ్యి పెడతారు మిషన్లో."

"పదిమందీనా? ఒకరు పెడితే చాలుగా?"

"ఒకరు పెడితే చాలనే ఇన్నాళ్ళూ అనుకున్నాం," అన్నది అంకయ్య. వెనక నిలబడి ఉన్నాడు. ఇంట్లో చావు జరిగినవాడు ఐదు రోజులు గడప దాటకూడదు. దాటి వచ్చాడు. "నేనొస్తా పెద్దమ్మా. నీళ్ళకి గాదు. మిషను కాడికి."

మాత్రల పెట్టె సర్దుకుంటుంటే నడుం పట్టేసింది. సువర్చల వచ్చి నూనె రాసింది. మాట్లాడలేదు గానీ బాగానే రాసింది. దాని వేళ్ళు వీపుకు తగిలిన చోటల్లా ఒళ్ళు జలదరించింది.

మే 13

ఐదింటికి అందరికీ ఒక్కొక్క మాత్ర ఇచ్చాను. నాలుకలు చూశాను.

ఆరింటికి గేటు దగ్గర డాక్టరు ఉన్నాడు. పెంచలయ్య కూడా వచ్చాడు, సువర్చల బిల్ల సంగతి తేల్చడానికి. మిషను అంటే గోడలో బిగించిన పెట్టె. మోచేతి దాకా దూర్చే కంత ఒకటి, చీటీ వచ్చే చీలిక ఒకటి, తొలి దళంలో ఎవరిదో రికార్డు చేసిన గొంతు ఒకటి. ఆ గొంతుకు చాలా మర్యాద.

ముందు అంకయ్య పెట్టాడు. గుండుసూది తలంత దీపం ఒకటి వెలిగింది. పచ్చచీటీ. డెబ్బై మూడు.

తరవాత సువర్చల పెట్టింది. దీపం వెలగలేదు.

"దయచేసి చెయ్యి సరిగ్గా పెట్టండి," అంది మిషను.

తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే మాట. ఇంకొకామెను పిలిచాను. చెయ్యి సరిగ్గా పెట్టండి. మూడో ఆమె. చెయ్యి సరిగ్గా పెట్టండి. ఐదో ఆమె వచ్చేసరికి పెంచలయ్య ఓపిక చచ్చి ముందుకొచ్చాడు.

"ఇంకొంచెం లోనికి పెట్టమ్మా. వొణక్కుండా. ఒక్కళ్ళకీ చెయ్యి పెట్టడం రాదా ఏంది?"

"మామా," అంది సువర్చల. గొంతు చిన్నగానే ఉంది. "తుప్పు నిచ్చెన మీద అరవై అడుగులు ఎక్కే చెయ్యి ఇది. గోడలో కంతలో పెట్టడం రాదంటావా?"

అతను వెనక్కి తగ్గాడు.

పదిమందీ పెట్టారు. పదిసార్లూ మిషను అదే మాట అదే మర్యాదతో చెప్పింది. డాక్టరు పెట్టె పక్క మూత తెరిచి, లోపలి అంకెలు చూసి, మెల్లగా చెప్పాడు. నాడి యాభైకి తక్కువైతే చెయ్యి సరిగ్గా ఆనలేదని అనుకునేట్టు దీన్ని అమర్చారట. పని చేసుకునే మనిషికి అంతకంటే తగ్గదని తొలి దళం వాళ్ళ లెక్క.

"ఆడవాళ్ళ చేతులు సన్నం. లోపలి పట్టీ ఆనకపోయుండొచ్చు," అన్నాడు మళ్ళీ. అతనికి ఇంకా ఒక దారి వెతుక్కోవాలని ఉంది. నాకు అర్థమైంది.

నా చెయ్యి అందరికంటే సన్నం, ఎముకా తోలూ. నేను మాత్ర మింగి ఆరేళ్ళయింది. చేతి గాజు వెనక్కి నెట్టి మోచేతి దాకా పెట్టాను. దీపం వెలిగింది. పచ్చచీటీ వచ్చింది. డెబ్బై ఎనిమిది.

చీటీ అతని చేతిలో పెట్టాను.

అప్పుడు అతను సువర్చల మణికట్టు పట్టుకున్నాడు. మిషను లేకుండా, మూడు వేళ్ళతో. తన గడియారం చూసుకుంటూ నిమిషం పాటు లెక్కపెట్టాడు. నమ్మకం కలగలేదేమో, మళ్ళీ ఇంకో నిమిషం లెక్కపెట్టాడు.

"ముప్పై తొమ్మిది," అన్నాడు. ఆ తరువాత, "ఎంత చల్లగా ఉందో," అన్నాడు. ఎవరితోనూ కాదు.

కొళాయి వైపు నుంచి ఒక బిందె దొర్లిన చప్పుడు, మగవాళ్ళ కేకలు వినిపించాయి. ఎవరూ అటు చూడలేదు.

అంకయ్య మిషను ముందు నిలబడి ఉన్నాడు. తొమ్మిదో తారీకు చీటీ, ఇవాళ్టి చీటీ రెండూ చేతిలో ఉన్నాయి. రెంటి మీదా దాదాపు ఒకటే అంకె.

"నా చేతికిచ్చింది ఇది," అన్నాడు డాక్టరుతో. "నేను దీనమ్మకి తీసకపోయి చూపించినా. బాగుందే, పోయిరా అన్నా."

డాక్టరు తల వంచుకున్నాడు. కొత్త కాగితం తీసి గోడకు ఆనించి రాశాడు. ఆరో వరస ఆడవాళ్ళకు తన బాధ్యత మీద రేపటి నుంచి అర మాత్ర. ఆరు వారాలు. రోజూ తానే వచ్చి వేళ్ళతో నాడి చూస్తాడు. పెంచిన మోతాదులన్నీ ఈ క్షణం నుంచి రద్దు. పెంచలయ్య వైపు తిరిగి, నాడి అరవై దాటేదాకా ఈ పిల్లను ఎక్కించొద్దు, బిల్ల మాత్రం తియ్యొద్దు అన్నాడు.

"పైనోళ్ళకి ఏం జెప్పను?" అన్నాడు పెంచలయ్య.

"నా పేరు చెప్పండి."

నీళ్ళు ఇరవై ఆరు బిందెలే వచ్చాయి. మామూలుగా నలభై నాలుగు. మగవాళ్ళ మీద కేకలెయ్యడానికి ఓపిక లేకపోయింది.

మే 17

మాత్ర కొయ్యడం కష్టమైన పని. పైన గట్టి పెంకు, లోపల పిండి. కత్తి జారితే ఒక ముక్క పెద్దది, ఒక ముక్క చిన్నది. చిన్న తక్కెడ తెచ్చుకుని రెండు ముక్కలూ తూచి, సమానంగా వచ్చినవే ఇస్తున్నాను. ఐదు మాత్రలు కొయ్యడానికి నాకు అరగంట పడుతోంది. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి.

ఏడో వరస, తొమ్మిదో వరస ఆడవాళ్ళు మాత్రలు కొంగున కట్టుకుని వచ్చారు, కోసిపెట్టమని. మిగతా వరసలకు పై నుంచి అనుమతి రావాలి. డాక్టరు రాశాడు. జవాబు లేదు. కోసి ఇవ్వడం నేరమని చెప్పి పంపాను. పంపాను గానీ, రేపు ఆరింటికి మీ మగవాళ్ళకు బిందెలిచ్చి మీరు మిషను దగ్గర నిలబడండి, మీ చేతులు కూడా సరిగ్గా పెట్టలేదని అది పదిమంది ముందు చెప్పాలి అన్నాను. ఎన్ని వరసలు నిలబడితే పైవాళ్ళకు అన్ని కాగితాలు వెళతాయి.

"మా ఆయన నీళ్ళు పడితే సగం ఇంటికి రావు పెద్దమ్మా," అంది ఒకామె.

"రావు. నాలుగు రోజులకు వస్తాయి."

మా వరసలో ఇవాళ నలభై రెండు బిందెలు.

సువర్చల నాడి యాభై నాలుగు. నాతో మాట్లాడుతోంది. ఎక్కువగా కసురుతోంది, కానీ మాటలే.

మే 24

పై నుంచి జవాబు వచ్చింది. పరిశీలిస్తున్నారట.

గేటు దగ్గర ఐదు వరసల ఆడవాళ్ళు నిలబడ్డారు. మిషను ఉదయమంతా ఒకే మాట చెప్పింది. ఎవరో దాని నోట్లో శాలువా కుక్కారు. డాక్టరు చూసి ఏమీ అనలేదు, మణికట్లు పట్టుకుంటూ వరస వెంట నడిచాడు.

సువర్చల నాడి అరవై మూడు. రేపు ఎక్కుతానంది.

వద్దనడానికి నా దగ్గర కారణం ఏమీ మిగల్లేదు.

మే 25

పని సాగలేదు. బియ్యంలో రాళ్ళు ఏరి, ఏరినవే మళ్ళీ ఏరాను. మధ్యాహ్నం థర్మామీటరు యాభై రెండు. అర మాత్ర తక్కువైతే? డాక్టరు అన్న మాట పొద్దుటి నుంచీ వదల్లేదు. మెట్లెక్కి తలుపు సందులోంచి చూశాను. అద్దాల వెలుగుకు గోపురం కూడా సరిగ్గా కనపడలేదు.

నాలుగింటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బరువుగా, తొందరగా.

"అబ్బబ్బ, ఏం ఎండ అమ్మమ్మా," అంటూ వచ్చి పడింది సువర్చల. "మాడి మసయిపోయినా. ఈపంతా చెమట. ఒక్క నిమిషం నిలబడనీదు పైన. రెండో గోపురం మొత్తం తుడిచినా. పెంచలయ్య మామ కిందినించి అరుస్తానే ఉన్నాడు, దిగు దిగు అని. నీళ్ళియ్యి. ఏం ఇల్లిది, గాలాడదు."

ముఖం ఎర్రగా కందింది. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నీళ్ళ చెంబు అందుకున్నప్పుడు దాని వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి. చెంబు మీద తడి వేలిముద్రలు పడ్డాయి.

ఎండ గురించి మగవాళ్ళు రోజూ గొణుగుతారు. ఈ ఊళ్ళో ఒక ఆడమనిషి గొణగడం నేను వినలేదు. చెంబు తుడవమని చెప్పబోయి ఊరుకున్నాను. గొణగనిచ్చాను.

"విసరడానికేమన్నా ఉందా?" అని అడిగింది.

ఇల్లంతా వెతికాను. శాలువాలు మూడు ఉన్నాయి. విసనకర్ర ఒక్కటీ లేదు. టానిక్కు వచ్చిన అట్టపెట్టె చింపి ఇచ్చాను. నా మంచం మీద వెల్లకిలా పడుకుని, ఆ అట్టతో విసురుకుంటూ నిద్రపోయింది. చాలాసేపు పక్కన కూర్చున్నాను. ఊపిరి చూస్తూ.

రేపు ఉప్పు లారీ వస్తుంది. డ్రైవరుకు చెప్పి వరసకు తెప్పించాల్సినవి: కత్తి ఒకటి, సన్నది. విసనకర్రలు పదకొండు అని రాశాను.

పదకొండు కొట్టేసి పది అని రాశాను.